గంట పుస్తకం చివరి పేజీ

మొన్న మొన్నటిదాకా మా శనివారాలన్నీ ఒకే తీరు. సాయంత్రం నేను చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ కూర్చుంటాను. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా కలిసి తినే భోజనానికి ఆ బియ్యం. మా ఆయన కృపానందం పాస్టరు. కొంటా ఊరి చివర, శబరి నది వైపు దిగే దారి పక్కన రేకుల కప్పు వేసిన చర్చి మాది. దాని వెనక గోడకి ఆనుకుని రెండు గదుల ఇల్లు. నేను బియ్యం ఏరే సమయానికి ఆయన వచ్చి గడప మీద కూర్చుంటాడు. కాసేపు ఫోను చూసుకుంటాడు. గొంతు సవరించుకుంటాడు. ఆ తర్వాత, రేపు కూరేమిటని అడిగినంత మామూలుగా అడుగుతాడు.

"ఏంది సుధా, రేపటికేమన్నా ఉందా?"

ఉంటుంది. నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. ఎప్పుడో చదివిన కథ ఒకటి తీసి, చేతులు బియ్యంలోనే ఉంచి చెబుతాను. ఆయన మధ్యలో "ఆగాగు, ఆ మాట మళ్లొకసారి చెప్పు" అంటాడు. మర్నాడు అదే కథ మైకులో వినపడుతుంది. నేను వెనక పొయ్యి దగ్గర పప్పు మెదుపుతూ వింటాను. లోపల ఎవరో ముక్కు చీదుకుంటారు. "స్తోత్రం, స్తోత్రం" అంటారు. భోజనాల దగ్గర మా అత్తయ్య సుశీలమ్మ అందరికీ వినపడేలా, "నా కొడుకు నోట్లో దేవుడే మాట పెడతడమ్మా" అంటుంది. శనివారం శనివారం గడప అవతల వెల్లుల్లి ఒలుస్తూ ఆమె కూడా వింటుంది. ఆ మాట ఎవరు పెట్టారో ఆమెకి బాగా తెలుసు.

పెళ్లయిన కొత్తలో నాకది సంతోషంగానే ఉండేది. కథ అంతమంది చెవిన పడుతోంది కదా, ఎవరి నోటి నుంచి అయితేనేం అనుకునేదాన్ని. నన్ను చూడడానికి వచ్చిన రోజే అత్తయ్య, "పుస్తకాలు చదివిన పిల్లంట, మావాడి సేవకి పనికొస్తది" అంది. పనికొచ్చాను. చాపలు పరవడానికి, గ్లాసులు కడగడానికి, జ్వరం వచ్చిన ఇంటికి గంజి కాచి పంపడానికి, నొప్పులు మొదలైన పిల్ల పక్కన కూర్చుని ఆస్పత్రి బండి కోసం దారి చూడడానికి, పైనుంచి వచ్చిన అతిథులకి కోడికూర వండడానికి, సండే స్కూలు పిల్లలకి పాటలు నేర్పడానికి. ఒకసారి, చర్చి ఊడ్చడానికైనా ఒక మనిషిని పెట్టుకుందామా అని అడిగాను. ఆయన నవ్వాడు. "నువ్వున్నవు గదా. దేవుడి పనికి కూలేంది సుధా, దీవెన ఉంటది" అన్నాడు. ఆయనకి సంఘం జీతం ఇస్తుంది. ఆ తేడా ఆయన కంట పడలేదు. నా కంట పడింది గానీ నోరు తెరిచి అనలేదు. బయటివాళ్ల ముందు ఆయన నన్ను మెచ్చుకునేది కూడా ఒక్క రకంగానే. "మా ఆవిడ మాట్లాడదు, చేస్తది."

నాలో ఉన్న కథలన్నీ నాకు సోమక్క ఇచ్చినవి.

నేను పుట్టింది కొంటాలోనే, నదికి ఇవతల హిందీ రాష్ట్రంలో. మాది దోర్ల గిరిజన కుటుంబం. మా నాన్న హడ్మా శబరిలో పడవ నడిపేవాడు. ఇంట్లో మా దోర్లి భాష, బజార్లో తెలుగు, బళ్లో హిందీ. తెలుగు మాట్లాడేదాన్నే గానీ చదవడం రాదు. బళ్లో నేర్పింది హిందీ అక్షరాలే. దుకాణాల బోర్డుల మీద గుండ్రంగా కనపడే తెలుగు రాతని ముగ్గుల్లా చూసేదాన్ని. చర్చిలో అందరూ పాటల పుస్తకం తెరిస్తే నేనూ తెరిచి పట్టుకునేదాన్ని. ఒక ఆదివారం పక్కన కూర్చున్న ఒక పెద్దామె నా చేతిలో పుస్తకం మెల్లగా అందుకుని, తలకిందులుగా ఉన్నదాన్ని సరిగా తిప్పి మళ్లీ నా చేతిలో పెట్టింది. ఆమే సోమక్క.

సోమక్కకి భర్త లేడు. ఎప్పుడో భద్రాచలం వైపు నుంచి వచ్చి సంతల్లో క్రైస్తవ పుస్తకాలు అమ్ముకునేది. ఒక రేకు పెట్టె, ఒక గొడుగు. చింతపండు అమ్మే ఆమెకీ ఎండుచేపలు అమ్మే ఆమెకీ మధ్య గుడ్డ పరిచి పేర్చేది. కొనేవాళ్లు తక్కువ. అట్టలు ఊడిపోయినవీ, వానకి తడిసి ఉబ్బినవీ అసలే కొనరు. వాటిని పెట్టె అడుగున ఉంచి నాకిచ్చేది. వాటితోనే నాకు తెలుగు అక్షరాలు నేర్పింది. అట్టలతో పాటు పేర్లు కూడా పోయాయి కనక మేమిద్దరం వాటికి పేర్లు పెట్టుకున్నాం. గాడిద పుస్తకం. మంచు పుస్తకం. గంట పుస్తకం.

గాడిద పుస్తకంలో ఒక మందులామె ఉంటుంది. గాడిద మీద మందులు వేసుకుని కొండల్లో ఊరూరా తిరుగుతుంది. గాడిద మొండికేసిన ప్రతిసారీ ఆమె దాన్ని ఏమీ అనదు. తలెత్తి దేవుణ్ని తిడుతుంది. పంపించేదీ నువ్వే, ఆపేదీ నువ్వే, ఇదేం పద్ధతని. చదివి నేను భయపడ్డాను. దేవుణ్ని అట్లా అనొచ్చా అని సోమక్కని అడిగాను. "ఎందుకు అనగూడదు పిల్లా? నడిచేది ఆమె గదా" అంది. ఆ రోజుతో నా ప్రార్థన మారిపోయింది. అంతకుముందు బళ్లో పాఠం అప్పజెప్పినట్టు కళ్లు గట్టిగా మూసుకుని గడగడా చెప్పేదాన్ని. ఆ తర్వాత బిందె మోస్తూ, తప్పిపోయిన మేకని వెతుక్కుంటూ దేవుడితో పోట్లాడడం మొదలుపెట్టాను. పోట్లాటకి ఆయన కోప్పడలేదు. మేక కూడా ఒక్కోసారి దొరికేది.

మంచు పుస్తకంలో ఒక చెవిటి పిల్ల చేతులు కదుపుతూ ప్రార్థన చేస్తుంది. వాళ్ల దేశమంతా మంచు. మంచు రాలడమంటే ఏమిటో నాకు తెలియదు, సోమక్కకీ తెలియదు. ఎండాకాలం మొదట్లో అమ్మతో కలిసి చీకటితోనే లేచి అడవికి ఇప్పపూలు ఏరడానికి పోయినప్పుడు, చెట్టు కింద నేలంతా పాలరంగులో మెత్తగా పరుచుకుని, పైనుంచి ఇంకా రాలుతూ ఉంటే, మంచంటే ఇదేనని తీర్మానించుకున్నాను. ఆ చెట్టు కింద నిలబడి నోరు మెదపకుండా చేతులు కదిపాను. "ఏందే, ఈగలు తోలుతున్నవా?" అంది అమ్మ. పదహారేళ్లప్పుడు శబరిలో బాప్తిస్మం తీసుకుంటుంటే, నీళ్లలో మునిగిన ఆ క్షణాన నాకు గుర్తొచ్చింది ఆ చెట్టు.

గంట పుస్తకం సంగతి వేరు. అది నాతో పాటు పెరిగింది.

సముద్రపు ఒడ్డున చిన్న పల్లె. పొగమంచు కమ్మితే చేపల పడవలకి ఒడ్డు కనపడదు. చర్చి గంట మోగితే ఆ చప్పుడు పట్టుకుని ఇల్లు చేరతారు. గంట కొట్టే ముసలాయన చనిపోయాక ఆ పనికి ఎవరూ ముందుకు రారు. ఒక జాలరి భార్య తీసుకుంటుంది. ఒకనాటి పొగమంచులో అన్ని పడవలూ వస్తాయి, ఆమె భర్త పడవ రాదు. చేతులు బొబ్బలెక్కినా ఆమె తాడు వదలదు. అక్కడితో పుస్తకం ఆగిపోయింది. చివరి పేజీ చిరిగిపోయింది.

"తర్వాతేమైంది సోమక్కా?"

"నాకేం తెల్సు? నాకు దొరికినప్పుడే అట్లుంది. నువ్వేమనుకుంటున్నవు?"

నేను వచ్చాడనుకున్నాను. పొగమంచు విడిపోయింది, దూరంగా చుక్కలాగా పడవ కనపడింది, ఆమె తాడు వదిలేసి ఒడ్డుకి పరుగెత్తింది. సోమక్క విని "బాగుంది" అంది. అప్పుడు నాకు పదకొండేళ్లు.

పద్దెనిమిదేళ్లప్పుడు శబరికి వరద వచ్చింది. అవతలి ఒడ్డున చిక్కుకున్నవాళ్లని తీసుకురావడానికి వెళ్లిన నాన్న పడవ బోల్తా పడింది. సంఘమంతా ఒడ్డున మోకాళ్ల మీద కూర్చుంది. నాన్న శవం దిగువ రేవులో దొరికింది. అమ్మ చాలా రోజులు పొయ్యి దగ్గరికి రాలేదు. ఒకరోజు లేచి, గోడకి వేలాడుతున్న పడవ తాడు తీసి, పక్కింటివాళ్ల ఆవు పగ్గం తెగిందని వాళ్లకి ఇచ్చేసింది. "ఊరికే పడుంది గదా" అంది. వచ్చి బియ్యం కడిగింది. ఆమె బియ్యం కడుగుతుంటే చూస్తూ నేను గంట పుస్తకానికి ఇంకో చివరి పేజీ అల్లుకున్నాను. భర్త రాలేదు. ఆమె ఏడ్చింది. మళ్లీ పొగమంచు కమ్మిన రోజు లేచి వెళ్లి గంట కొట్టింది, మిగతా పడవల కోసం. ఇది సోమక్కకి చెప్పాను. ఆమె రేకు పెట్టె నా వైపు తోసింది. "ఈ పాతయి నీ దగ్గరే ఉండనియ్యి. నాకింక మోకాళ్లు పట్టేస్తున్నయ్, మొయ్యలేను" అంది. ఆ తర్వాతి ఏడాదే ఆమె చనిపోయింది. పెట్టె నాతో అత్తగారింటికి వచ్చింది. "ఆ కాగితాలకి చెదలు పట్టి ఇల్లంతా పాకుతయ్" అని అత్తయ్య అంటూనే ఉంటుంది. నేను ఏటా ఎండలు ముదిరాక తీసి ఆరబెట్టి మళ్లీ సర్దుకుంటాను.

గంట కథ మాత్రం నేను మా ఆయనకి ఏ శనివారమూ చెప్పలేదు. అడుగుతాడు కదా అని అన్నీ ఇచ్చేసినా అదొక్కటి దాచుకున్నాను. పోయిన చలికాలం దాన్ని కూడా ఇచ్చేశాను.

కొంటాలో మూడు రోజుల సభలు పెట్టారు. నది అవతల నుంచి పెద్ద పాస్టర్లు వచ్చారు. ఈ చుట్టుపక్కల సంఘాలన్నిటికీ ఒకరిని పెద్దగా పెడతారనీ, ఎవరిని పెట్టాలో ఈ సభల్లోనే చూసుకుంటారనీ అందరూ చెప్పుకున్నారు. చివరి రోజు ప్రసంగం మా ఆయనది. వారం ముందు నుంచే ఆయనకి అన్నం సయించలేదు.

"సుధా, మామూలుది గాదు. అందరి గుండె కరగాలె. అటువంటిది ఒక్కటియ్యి" అన్నాడు.

ఆయన మొహం చూస్తే జాలేసింది. చెప్పాను. చివరి పేజీ లేదని చెప్పాను. చిన్నప్పుడు ఏం అల్లుకున్నానో, నాన్న పోయాక ఏం అల్లుకున్నానో, అమ్మ తాడు ఎట్లా ఇచ్చేసిందో అంతా చెప్పాను. వింటూ ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "ఇదే సుధా, ఇదే" అన్నాడు. ఇచ్చినందుకు ఆ రోజు నాకు చింత లేదు.

సభల చివరి రోజు షామియానా నిండిపోయింది. నేను వంట దగ్గర నుంచి పిండి చేతులతోనే వచ్చి వెనక నిలబడ్డాను. ఆయన చాలా బాగా చెప్పాడు. పొగమంచు, తాడు, చేతుల బొబ్బలు, అన్నీ నేను చెప్పినట్టే. అప్పుడు ఆయన గొంతు పైకి లేచింది.

"ఆమె ప్రార్థన ఆపలేదు ప్రియులారా! అప్పుడు పొగమంచు విడిపోయింది! అదిగో పడవ! ఆమె తాడు వదిలేసి పరుగెత్తింది. ఇంక ఆ గంట పని మానేసి, తన ఇంట్లో, తన భర్త నీడన చల్లగా బతికింది. విశ్వాసంతో అడిగిన భార్యకి భర్త తిరిగొస్తాడు. నీకు ఇంకా జవాబు రాలేదంటే ఏందమ్మా అర్థం? నీ ప్రార్థనలోనే లోపముంది!"

చప్పట్లు. స్తోత్రాలు. పెద్ద పాస్టరుగారు లేచి వచ్చి మా ఆయన్ని కౌగిలించుకున్నారు. నేను వెనక్కి వెళ్లి పూరీలు వత్తాను. చేతులు వాటంతటవే పనిచేశాయి.

భోజనాల దగ్గరకి బుధ్రి వచ్చింది. వాళ్లది జగర్గుండా వైపు ఊరు. చాలా ఏళ్ల కింద ఆ కుటుంబం అక్కడి నుంచి వచ్చి కొంటా శివార్లలో స్థిరపడింది. ఆమె భర్త లచ్చు నాలుగేళ్ల కింద మిరపకాయల కోతకి తెలంగాణ వైపు వెళ్లాడు. కోతలయ్యాక తోటివాళ్లందరూ తిరిగొచ్చారు, అతను రాలేదు. ఎక్కడున్నాడో, ఉన్నాడో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. పిల్లల్లేరు. చేను, మేకలు, తునికాకు, ఇప్పపువ్వు అన్నీ బుధ్రి చేతుల మీదే నడుస్తాయి. సుక్మాలో ఆడపిల్లల ఆశ్రమశాలకి వంటమనిషి కావాలన్నారనీ, ఉండడానికి గది కూడా ఇస్తారనీ నేనే అంతకుముందు ఆమెకి చెప్పాను. ఆమె అత్త జోగే ఒప్పుకోలేదు. "వాడొచ్చేసరికి ఇంట్ల పెండ్లాం లేకుంటే ఎట్ల?" అంది. బుధ్రి తల వంచుకుంది.

ఇప్పుడు బుధ్రి విస్తరి ముట్టకుండా నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"అక్కా, నేను గట్టిగ అడగలేదు గదా. పని చేసి చేసి పండుకుంటే నిద్ర పట్టేస్తది. కొన్ని దినాలు ప్రార్థనే మర్చిపోయిన. అందుకే రాలేదా ఆయన?"

ఆమెని నీళ్ల డ్రమ్ము చాటుకి తీసుకెళ్లాను. "ఆ కథలో ఆమె మొగుడు రాడు బుధ్రీ" అన్నాను.

"వచ్చిండని చెప్పిండు గదా పాస్టరుగారు?"

"మార్చి చెప్పిండు."

ఆమె నన్ను వింతగా చూసింది. "పాస్టరుగారు దేవుని ముందర నిలబడి మార్చి చెప్తడా? లేదక్కా. నేను ఉపాసముంటా. ఈసారి గట్టిగ అడుగుతా."

మర్నాడు పొద్దున మా ఆయన హుషారుగా టీ తాగుతున్నాడు. కథ ఎందుకు మార్చారని అడిగాను.

"మార్చుడేంది? చివరి పేజీ లేదని నువ్వే చెప్పినవు. లేని పేజీ నువ్వు రాస్తే ఒకటి, నేను రాస్తే ఒకటి. నీదే నిజమని ఎక్కడుంది?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"జనానికి ఆశ గావాలె సుధా. ఏడ్చుకుంట ఇంటికి పొమ్మంటవా?"

పక్కనుంచి అత్తయ్య, "కథల మొగుడు తిరిగొస్తే నీకేం నష్టమమ్మా?" అంది.

ఆ వారమంతా గిన్నెలు తోముతూ, చాపలు దులుపుతూ ఆ ప్రశ్ననే తిప్పి తిప్పి చూశాను. ఆయన అన్నది అబద్ధం కాదు. నా చివరి పేజీ కూడా పుస్తకంలో లేదు. ఆయన చెప్పింది నా మొదటి పేజీయే, నేను పదకొండేళ్లప్పుడు అల్లుకున్నది. దాన్ని ఎందుకు అల్లుకుంటారో నాకంటే బాగా ఎవరికి తెలుసు? అది తప్పు కాదు. ఒక పిల్ల తన కోసం తాను చెప్పుకున్నది. ఆ పిల్ల దాన్ని తీసుకెళ్లి ఇంకో మనిషి నెత్తిన పెట్టలేదు. రాకపోతే తప్పు నీదేనని ఆ పిల్లకి తోచను కూడా లేదు. ఆ ముక్క మాత్రం ఆయన సొంతం. నేను బియ్యం ఏరుతూ ఇచ్చిన దానికి, ఆమెని గంట పని మాన్పించడం కాక, ఆయన చేర్చింది అదొక్కటే. ఇంతకుముందు ఎన్ని కథలకి ఇట్లాంటి తోకలు తగిలించాడో, పొయ్యి దగ్గర పొగలో నేను సగం విని సగం వినక వదిలేసినవి ఎన్నో.

గురువారం బుధ్రి బోరింగు దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. ఆడవాళ్లు మా ఇంటికి మోసుకొచ్చారు. గంజి ఇస్తే పెదవులు బిగించుకుంది. మా ఆయన్ని పక్కకి పిలిచాను.

"ఆదివారం మీరే చెప్పండి. ఆ ఒక్క మాట తప్పని చెప్పండి చాలు."

"పెద్దలంతా మెచ్చుకున్నదాన్ని తప్పని చెప్పాల్నా? నా పరువేం గావాలె? ఉండు, నేను ప్రార్థన చేసి తినమని చెప్తా."

వెళ్లి ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. "తిను తల్లీ. తింటూనే విశ్వాసముంచు. వస్తడు" అన్నాడు. ఆయన ఇటు తిరగగానే బుధ్రి గ్లాసు పక్కన పెట్టేసింది. వస్తడన్న మాట ఆమెకి చాలు, గంజి అక్కర్లేదు. ఆ గ్లాసు చూశాక నాకింక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు.

మా చర్చిలో ఆడవాళ్లు ప్రసంగం చెయ్యరు. సాక్ష్యం మాత్రం ఎవరైనా చెప్పొచ్చు. జ్వరం తగ్గిందని, కొడుకు పరీక్ష పాసయ్యాడని లేచి చెప్తారు. ఇన్నేళ్లలో నేను ఎప్పుడూ లేవలేదు. ఆ ఆదివారం పొయ్యి మీద నుంచి గిన్నె దించి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చాను. వంటకి ఏమో కావాలని వచ్చాననుకుని మా ఆయన కనుబొమలెగరేశాడు.

"నేను సాక్ష్యం చెప్తా" అన్నాను. మైకు నా చేతికి వచ్చింది. దాని బరువు నాకు కొత్త. మొదట తెలుగులో మొదలుపెట్టాను. ముందు చాప మీద జోగేని, పెద్దాడవాళ్లని చూశాక నోరు దానంతటదే దోర్లిలోకి తిరిగింది.

"పోయినవారం మీరు విన్న కథ నాది. సోమక్క ఇచ్చిన పుస్తకంలోది. దానికి చివరి పేజీ లేదు. మీరు విన్న ముగింపు నేను చిన్నప్పుడు అల్లుకున్నది. నాకు అప్పుడు నాన్న ఉన్నాడు. నాన్న శబరిలో పోయాక ఇంకోటి అల్లుకున్నాను. అది కూడా పుస్తకంలో లేదు. రెండూ నావే. మా నాన్న రావాలని మా అమ్మ ప్రార్థన చేసింది. నేను చేశాను. ఆ రోజు ఒడ్డున ఈ ముందు వరసలో ఉన్నవాళ్లందరూ చేశారు. నాన్న రాలేదు. మా అమ్మ ప్రార్థనలో లోపముందని ఎవరైనా చెప్పగలరా?"

నాన్నతో పాటు పడవ నడిపిన ఒక ముసలాయన తల అడ్డంగా ఊపి, "లేదు బిడ్డా" అన్నాడు.

"గంట కొట్టే ఆమె భర్త కూడా రాలేదు. ఎందుకు రాలేదో నాకు తెలియదు. దేవుణ్ని చాలాసార్లు అడిగాను, పోట్లాడాను, చెప్పలేదు. ఆమె మళ్లీ గంట కొట్టింది. ఆయన వస్తాడని కాదు, ఇంకొకరు దారి తప్పకూడదని. ఆమె అన్నం కూడా తిన్నది. తినకపోతే అంత బరువు తాడు ఎట్లా లాగుతుంది?"

వెనక ఎవరో ఆడమనిషి చిన్నగా నవ్వింది. బుధ్రి తలెత్తలేదు. జోగే మాత్రం నన్నే చూస్తోంది. నేను మైకు మా ఆయన చేతికిచ్చి పొయ్యి దగ్గరికి వచ్చేశాను. ఆ రోజు భోజనంలో బుధ్రి గోడ వైపు తిరిగి కూర్చుని నాలుగు ముద్దలు తిన్నది. చూడనట్టే చూశాను.

అందరూ వెళ్లాక ఆయన అన్నాడు, "అందరి ముందర నన్ను చిన్నబుచ్చినవు."

"మిమ్మల్ని నేను ఒక్క మాట అనలేదండీ. నా కథ నేను చెప్పిన."

ఆయన తల్లి వైపు చూశాడు, ఆమె నన్ను నాలుగు మాటలంటుందని. నేనూ అదే అనుకున్నాను. సుశీలమ్మ ఒలుస్తున్న వెల్లుల్లి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత కొడుకు వైపు చూడకుండా అంది.

"మీ నాయన పోయినప్పుడు నన్ను గూడ అట్లనే అన్నరు. పెండ్లాం సరిగ ఉపాసముంటే బతికేటోడని. నువ్వప్పుడు పసోడివి. ఇయ్యాల్టికీ నేను ప్రార్థనకి కూసుంటే ముందుగాల అదే మాట చెవుల పడతది."

నాకు తెలిసి ఆమె తన గురించి ఒక మాట చెప్పడం అదే మొదటిసారి. ఆయన బయటికి వెళ్లి చాపలు చుట్టడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పకుండా.

మరుసటి శనివారం వచ్చి గడప మీద కూర్చున్నాడు. మళ్లీ అదే మాట అడిగాడు.

"ఉన్నయండీ. కానీ ఇయ్యను" అన్నాను. "ఇంక నావి నేనే చెప్పుకుంటా. మీవి మీరు చెప్పండి."

"నా దగ్గర ఏముంది సుధా? నేను నీలాగ చదువుకుంట పెరిగినోణ్ని గాదు."

"మామయ్య పోయిన సంగతి ఉంది."

ఆ ఆదివారం ఆయన వాళ్ల నాన్న గురించి చెప్పాడు. తడబడ్డాడు. మధ్యలో ఆగిపోయాడు. గొంతు పెంచే చోటు ఆయనకి దొరకలేదు. ఎవరూ స్తోత్రం అనలేదు, తొందరగా ముగించేశాడు. నేను పొయ్యి దగ్గర పని ఇంకొకరికి అప్పజెప్పి వచ్చి చాప మీద కూర్చుని మొదటి నుంచి చివరి దాకా విన్నాను. నేను చెప్పింది కాకుండా ఆయన నోట విన్న మొదటి కథ అది. బాగుంది.

సంఘాల పెద్దగా ఇంకెవరినో పెట్టారు. ఆ సంగతి తెలిసిన రోజు ఆయన నాతో మాట్లాడలేదు, మర్నాడు మాట్లాడాడు. బుధవారం మధ్యాహ్నాలు ఆడవాళ్లు కొందరు వచ్చి నా దగ్గర కూర్చుంటున్నారు. ఎండాకాలం దాకా ఆగకుండా పెట్టె తెరిచాను. జోగే కూడా వస్తుంది, దూరంగా కూర్చుని మేకల మీద ఒక కన్నేసి వింటుంది.

ఇప్పపూలు రాలడం అయిపోయాక ఒక పొద్దున బుధ్రి మూట చంకన పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. తల దువ్వి, నూనె రాసి, జడ గట్టిగా వేసుకుంది. ఆశ్రమశాల వంటపనికి పోతున్నానని, సుక్మా బస్సుకి వేళవుతోందని అంది. రోడ్డు దాకా నేనూ వెళ్లాను. బస్సు కోసం నిలబడ్డాక అడిగాను.

"మీ అత్త ఒప్పుకున్నదా?"

"ఒప్పుకోలేదు, ఆపలేదు" అంది బుధ్రి. "బువ్వ మూట కట్టిచ్చింది. ఇచ్చి అడిగింది అక్కా, వాడొస్తే ఏం చెప్పాలె అని."

బస్సు దుమ్ము లేపుకుంటూ మలుపు తిరిగింది. బుధ్రి మూట ఎత్తుకుంది.

"నువ్వేమన్నవు?"

"వస్తే, నేను యాడున్ననో చెప్పు అన్న."